సెర్బియాలో డాన్యూబ్ ఒడ్డున నాలుగు రోజులు: వైన్, బీచ్, పాత ఊళ్లు. ఎక్కడ దిగితే మంచిది?

స్టుట్‌గార్ట్ కోడలు:

అందరికీ నమస్తే. మేము స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. ఆగస్టు చివర్లో నాలుగు రోజులు సెలవు కుదిరింది. ఇటలీ, క్రొయేషియా సముద్రం వైపు హోటల్ రేట్లు చూసి ఆ ఆలోచన పక్కన పెట్టేశాం. మావారి ఆఫీసులో ఒక సెర్బియా అతను "సముద్రమే కావాలా? మా నోవి సాద్‌కి వెళ్లండి. డాన్యూబ్ ఒడ్డున ఇసుక బీచ్ ఉంది, పక్కనే వైన్ కొండలున్నాయి, కోట ఉంది" అన్నాడట. అప్పటి నుంచి మావారికి అదే ధ్యాస.

మాతో మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు. కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చి నెల అయింది. ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. కానీ గుళ్లూ, పాత కట్టడాలూ అంటే ప్రాణం పెడతారు. మావారికి వైన్ రుచి చూడాలని ఉంది. నాకైతే కాసేపు నీళ్లలో దిగితే చాలు.

ఇప్పుడు నా సందేహాలు. బెల్‌గ్రేడ్‌లో ఉండి ఒకరోజు నోవి సాద్ చూసొస్తే సరిపోతుందా, అక్కడే ఉండాలా? డాన్యూబ్‌లో నిజంగానే ఈత కొడతారా, ప్రమాదం లేదా? వైనరీలకి కారు అద్దెకి తీసుకోవాలా? ఇంకొకటి, అత్తయ్యగారికి తిండి దొరుకుతుందా? ఇదే నాకు పెద్ద టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కోనసీమ కుర్రాడు:

అమ్మా, బెల్‌గ్రేడ్‌లో ఉండి ఒకరోజు చూసొద్దామనే ఆలోచన మాత్రం వద్దు. నేను ఉద్యోగం మీద నోవి సాద్‌లో కొన్నేళ్లు ఉన్నాను. నా దగ్గరికి వచ్చిన స్నేహితుల్లో చాలామంది పొద్దున పదింటికి దిగి, కోట చూసి, పెద్ద వీధిలో ఒక కాఫీ తాగి, సాయంత్రం బండికి వెళ్లిపోయేవాళ్లు. ఆ ఊరు అసలు మొదలయ్యేది సాయంత్రం నాలుగు దాటాక. సరిగ్గా అప్పుడు వాళ్లు స్టేషన్లో ఉండేవాళ్లు.

మీ కొలీగ్ చెప్పిన బీచ్ పేరు ష్ట్రాండ్. 1911 నుంచి ఉంది. ఊరి మధ్య నుంచి నడిచి వెళ్లొచ్చు, సిటీ బస్సు కూడా ఉంది. సుమారు 700 మీటర్ల ఇసుక, వెనకాల పెద్ద పెద్ద చెట్ల నీడ, ఆ నీడలో వరసగా రంగులేసిన చెక్క గదులు. సీజన్‌లో లోపలికి వెళ్లడానికి చిన్న టికెట్ ఉంటుంది, మీరు లెక్కపెట్టుకునేంత కాదు. అది టూరిస్టుల కోసం కట్టిన చోటు కాదు, ఊరివాళ్ల చోటు. నాలుగు గంటలకి ఆఫీసుల నుంచి నేరుగా వచ్చేస్తారు. బ్యాగులోంచి తువ్వాలు తీసి ఇసుకలో పరుస్తారు. రిటైరైన పెద్దాయనలు చెట్టు కింద చదరంగం ఆడుతుంటారు, చుట్టూ నిలబడినవాళ్లంతా ఎత్తులు చెబుతుంటారు. ఉడికించిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతారు, ఉప్పు చల్లి ఇస్తారు. పెద్దవాళ్ల చేతిలో ష్‌ప్రిట్సెర్ గ్లాసు ఉంటుంది. వైట్ వైన్‌లో చల్లటి సోడా కలిపితే అదే ష్‌ప్రిట్సెర్. ఎండాకాలం అక్కడ వైన్‌ని ఎక్కువగా తాగేది ఇలాగే. దాన్ని తక్కువగా చూసేవాళ్లెవరూ లేరు.

మన దగ్గర నదికి స్నానానికి వెళ్తాం, పుష్కరాలకి వెళ్తాం, రేవు దాటడానికి వెళ్తాం. ఏ పనీ లేకుండా, చీకటి పడేదాకా ఊరికే కూర్చోవడానికి ఊరు ఊరంతా నది దగ్గరికి రావడం నేను అక్కడే చూశాను. నాకు ఆ ఊరి మీద అంత ఇష్టం పెరగడానికి కారణం అదే. అందుకే ఒకరోజు సరిపోదంటున్నాను.

ఈత సంగతి. కొడతారు, పిల్లలు కూడా కొడతారు. కానీ నీళ్లలో బోయాలు కట్టిన హద్దు ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు. ఆ హద్దు దాటొద్దు. డాన్యూబ్ పైకి చాలా నిదానంగా కనిపిస్తుంది, లోపల వడి గట్టిగా ఉంటుంది. గోదారి పాయ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఇది నొక్కి చెబుతున్నాను. వసంతంలోనూ వేసవి మొదట్లోనూ ఆల్ప్స్ మంచు కరిగి నీటిమట్టం పెరుగుతుంది, ఇసుక తగ్గిపోతుంది. ఆగస్టు చివరికి మామూలుగా నీళ్లు తగ్గి ఇసుక బాగా బయటపడుతుంది. మీరు ఎంచుకున్న సమయం మంచిదే.

బీచ్ పక్కనే పెద్ద తీగల వంతెన కనిపిస్తుంది, దాని పేరు స్వేచ్ఛా వంతెన. 1999 ఏప్రిల్‌లో నాటో బాంబు దాడుల్లో ఊళ్లోని వంతెనలన్నీ కూలిపోయాయి. ఇదీ అప్పుడే కూలింది, మళ్లీ 2005లో తెరిచారు. నా కొలీగ్స్‌లో నలభై దాటిన ప్రతి ఒక్కరికీ అవతలి ఒడ్డుకి పడవ మీద వెళ్లిన ఆ రోజుల గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది. మీరు అడగక్కర్లేదు, ఆ వంతెన దగ్గర కూర్చుంటే వాళ్లే చెబుతారు.

పెట్రోవరదిన్ కోట అవతలి ఒడ్డున ఉంది. ఆస్ట్రియా వాళ్లు 1692లో మొదలుపెట్టి 1780 దాకా కట్టారు. అత్తయ్యగారికి మెట్లు అక్కర్లేదు, టాక్సీ పైదాకా వెళ్తుంది. పైన గడియారం చూపించండి. దానికి పెద్ద ముల్లు గంటలు చూపిస్తుంది, చిన్న ముల్లు నిమిషాలు. నదిలో పడవ మీదున్నవాళ్లకి దూరం నుంచి కనీసం గంట ఎంతయిందో తెలియాలని అలా పెట్టారంటారు. కోట కింద 16 కిలోమీటర్ల సొరంగాలున్నాయి, కొంత భాగం గైడ్‌తో చూపిస్తారు. అది మీ ఇద్దరికే, ఆవిడకి వద్దు. పైన గోడ పక్కన కుర్చీలుంటాయి, డాన్యూబ్ వంపు మొత్తం కనిపిస్తుంది. మీరు వచ్చేదాకా ఆవిడ అక్కడ హాయిగా కూర్చోవచ్చు.

ఇక వైన్. మావారికి, మావారికి అంటున్నారు కదా, ఆయన్ని ముందు స్రేమ్‌స్కి కార్లోవ్‌త్సికి తీసుకెళ్లండి. నోవి సాద్ నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు. 61, 62 నంబరు సిటీ బస్సులు వెళ్తాయి. కారు అద్దెకి తీసుకోవద్దు. సెర్బియాలో డ్రైవర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకి 0.2 గ్రాములు, చాలా తక్కువ. వైన్ రుచి చూసినవాళ్లు బండి పట్టుకోకూడదు, అంతే.

కార్లోవ్‌త్సి చిన్న ఊరు. నడిబొడ్డున చౌక్, అందులో నాలుగు సింహాల ఫౌంటెన్. ఆ నీళ్లు తాగినవాళ్లు మళ్లీ ఆ ఊరికి వచ్చి, అక్కడే పెళ్లి చేసుకుంటారని చెబుతారు. ఇంకొంచెం ముందుకెళ్తే గుండ్రటి చిన్న చర్చి. 1699 జనవరిలో ఆటోమన్ తుర్కులకీ, ఆస్ట్రియా, పోలండ్, వెనిస్ వగైరా దేశాలకీ సంధి కుదిరిన చోట కట్టారు. ఎవరు ముందు లోపలికి వెళ్లాలనే పేచీ రాకుండా ఆ చర్చల గదికి నాలుగు తలుపులు పెట్టి, అందరూ ఒకేసారి లోపలికి వచ్చి గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారని చెబుతారు. అత్తయ్యగారికి ఈ కథ చెప్పండి, తప్పకుండా నచ్చుతుంది.

ఆ ఊరికే సొంతమైన వైన్ బెర్మెట్. ద్రాక్ష వైన్‌లో రకరకాల మూలికలు, దినుసులు నానబెట్టి చేస్తారు. ఏవేవి వేస్తారో ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటివాళ్లకి చెప్పరు. వాటిలో ఒకటి మాత్రం అందరికీ తెలుసు, మన వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రికి దగ్గరి చుట్టమైన చేదు మొక్క. నేను మొదటిసారి తాగింది ఒక ఇంటి కింద నేలమాళిగలో. ఓనర్ గారి అమ్మగారు చిన్న గ్లాసులో, అడుగున రెండు వేళ్ల మందం మాత్రమే పోశారు. ముదురు ఎరుపు, దాదాపు నలుపు. మూతి దగ్గర పెట్టుకోగానే ఎండిన నారింజ తొక్క వాసన. నోట్లో ముందు తియ్యగా ఉంది. మింగాక గొంతులో సన్నటి చేదు మొదలై చాలాసేపు నిలిచింది. నేను గడగడా తాగేస్తానేమోనని ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ముందు ఒక ముక్క కుగ్లోఫ్ కేక్ నా చేతిలో పెట్టారు. అది కొరుకుతూ తాగాలి, ఆ చేదు అప్పుడు సరిగ్గా కుదురుతుంది. మీ ఆయన ఇంకేమీ కొనకపోయినా ఒక బెర్మెట్ సీసా కొనమనండి.

ఇవి కాక అక్కడి వైట్ వైన్ గ్రాషెవీనా, రోజూ తాగేది అదే. రెడ్ కావాలంటే ప్రోబుస్ అనే రకం అడగమనండి. కార్లోవ్‌త్సిలోని పరిశోధన తోటల్లోనే, పాత కాదార్కా ద్రాక్షనీ కాబెర్నె సొవిన్యోనీ సంకరం చేసి తీశారు. ఆ పేరు రోమన్ చక్రవర్తి ప్రోబస్‌ది. ఆయన పుట్టింది కార్లోవ్‌త్సిని ఆనుకుని ఉన్న ఫ్రుష్కా గోరా కొండకి దక్షిణంగా ఉన్న సిర్మియంలో, ఇప్పటి స్రేమ్‌స్కా మిత్రోవిత్సాలో. మూడో శతాబ్దంలో ఫ్రుష్కా గోరా మీద ద్రాక్ష నాటించింది ఆయనేనని అంటారు. వైనరీలకి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. చాలావరకు ఇంట్లోవాళ్లే నడుపుతారు, చెప్పకుండా వెళ్తే తోటలో పనిలో ఉంటారు.

అదే ఊళ్లో తేనెటీగల మ్యూజియం ఒకటుంది, జివానోవిచ్ కుటుంబానిది. సెర్బియాలో ఆధునిక తేనెటీగల పెంపకానికి ఆద్యుడైన యోవాన్ జివానోవిచ్ చేసిన, చర్చి ఆకారంలో ఉన్న తేనెపెట్టె ఇప్పటికీ ఉంది. కింద వైన్ సెల్లార్, పైన తేనె. అత్తయ్యగారు తేనె రుచి చూస్తుంటే మీవారు కింద వైన్ రుచి చూడొచ్చు. ఒకే చోట ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

సైకిల్ సవారీ:

కోనసీమ అన్నతో నాకు పేచీ ఉంది. నోవి సాద్ బాగుంటుంది, కాదనను. కానీ డాన్యూబ్ అంటే దిగువకి వెళ్లాలి. నేను బెల్‌గ్రేడ్ నుంచి నది వెంట సైకిల్ మీద తూర్పుకి వెళ్లాను. గోలుబాట్స్ కోట దగ్గర మలుపు తిరగగానే బ్రేక్ వేసి ఆగిపోయాను. అప్పటిదాకా చెరువంత వెడల్పుగా ఉన్న నది రెండు కొండల మధ్యకి దూరిపోతుంది. పాపికొండల్లో గోదావరిని చూసినవాళ్లకి ఆ చోటు వెంటనే గుర్తొస్తుంది. ఆ కోట బురుజులు సరాసరి నీళ్లలోకి దిగి ఉంటాయి. బాగుచేసి 2019లో మళ్లీ తెరిచారు.

అక్కడి నుంచి ఇంకా ముందుకి లేపెన్‌స్కి వీర్. 1965లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. దాదాపు తొమ్మిది వేల ఏళ్ల నాటి చేపల వేటగాళ్ల ఊరు. వాళ్లు చెక్కిన రాతి బొమ్మలకి చేప నోరు, మనిషి కళ్లు. డాన్యూబ్ మీద ఆనకట్ట కట్టినప్పుడు ఆ ఇళ్ల నేలల్ని ఎత్తైన చోటికి మార్చారు, తర్వాత పైన గాజు కప్పు వేశారు. నేను చూసిన మ్యూజియంలన్నిటిలో నన్ను అంతగా కదిలించింది ఇంకొకటి లేదు.

బీచ్ కావాలంటే వెలికో గ్రాదిష్టే దగ్గర వెండి సరస్సు ఉంది, డాన్యూబ్ పాత పాయని కట్టేసి చేసింది. వడి ఉండదు, పిల్లలకీ భయం లేదు. వైన్ కావాలంటే నెగోతిన్ వైపు రాయాట్స్, రోగ్లేవో. అక్కడ ఊరికి దూరంగా ఒట్టి వైన్ కోసమే రాతి ఇళ్ల వాడలు కట్టుకున్నారు. వాటిలో ఎవరూ కాపురం ఉండరు, ద్రాక్ష కోతలప్పుడు మాత్రం కళకళలాడతాయి. నల్ల తామ్యానికా అనే రెడ్ వైన్ అక్కడిదే, గులాబీల వాసన వస్తుంది. ఆ వీధుల్లో నడిచాక నాకు కార్లోవ్‌త్సి మరీ ముస్తాబు చేసినట్టు అనిపించింది.

కోనసీమ కుర్రాడు:

తమ్ముడూ, నువ్వు చెప్పిందాంట్లో ఒక్క మాట కూడా కొట్టిపారేయను. లేపెన్‌స్కి వీర్ నేనూ చూశాను, ఆ చేప మొహాలు మర్చిపోలేం. కానీ గోలుబాట్స్ నుంచి నెగోతిన్ 150 కిలోమీటర్ల దాకా ఉంది, అంతా వంకర రోడ్డు, బస్సులు తక్కువ. నాలుగు రోజుల్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని కారులో కూర్చోబెట్టి తిప్పితే ఆవిడకి మిగిలేది నడుం నొప్పే. వాళ్లు ఇద్దరే ఇంకోసారి వెళ్లినప్పుడు నువ్వు చెప్పిన దారే సరైనది.

స్టుట్‌గార్ట్ కోడలు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. చదివి మావారు ఇప్పుడే బెర్మెట్ గురించి వెతుకుతున్నారు. నోవి సాద్‌లోనే ఉండాలని తేల్చుకున్నాం. వెండి సరస్సు సంగతి రాసిపెట్టుకున్నాను, వచ్చే ఏడు చూస్తాం.

రెండు ప్రశ్నలు మిగిలాయి. తిండి గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి వీసా. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి సెర్బియాకి వీసా అక్కర్లేదని మా ఫ్రెండ్ ఒకామె గట్టిగా చెప్పింది. నిజమేనా?

గసగసాల కూర:

అక్కా, తిండి సంగతి నేను చెబుతా. మా అమ్మని తీసుకుని నోవి సాద్ వెళ్లాం, ఆవిడ కూడా మీ అత్తయ్యగారిలాగే గుడ్డు ముట్టరు.

హోటల్‌కి వెళ్లగానే "పోస్నో" ఏముందని అడగండి. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు మూడూ మానేస్తారు. ఏడాదిలో చాలా రోజులు ఉపవాసమే, బుధ శుక్రవారాలు కూడా. అందుకని పోస్నో వంట అందరికీ తెలుసు, వివరించి చెప్పే అవస్థ లేదు. ఒకటే జాగ్రత్త. చేపని చాలా రోజుల్లో పోస్నో కిందే లెక్కేస్తారు, కాబట్టి చేప వద్దని విడిగా చెప్పాలి. వెజిటేరియన్ అని మాత్రమే చెబితే చికెన్ సూప్ తెచ్చిన చోటు కూడా ఉంది. పోస్నో అన్నాక ఆ బాధ తప్పింది.

అమ్మకి బాగా నచ్చింది ప్రెబ్రనాట్స్. తెల్ల బీన్స్‌ని బోలెడు ఉల్లిపాయలు, ఎర్ర మిరపపొడి వేసి మట్టి పాత్రలో ఓవెన్‌లో పెడతారు. పైన పొర కాస్త మాడి ఉంటుంది, రుచంతా అక్కడే. ఆవిడ పక్కన ఐవార్ వేసుకుని తినేవారు. ఐవార్ అంటే కాల్చిన ఎర్ర కాప్సికంతో చేసే పచ్చడి, కారం రకం కూడా దొరుకుతుంది, సీసాలు కొనుక్కోండి. బేకరీల్లో గసగసాల రోల్ కనిపిస్తే నోరూరుతుంది కానీ నోవి సాద్ ఉన్న వొయివోదినా ప్రాంతంలో పిండిలో పంది కొవ్వు వేయడం మామూలే, గుడ్డు కూడా ఉండొచ్చు. అడక్కుండా అత్తయ్యగారికి పెట్టకండి. కుగ్లోఫ్‌లో గుడ్డు ఉంటుంది, అది మీ ఇద్దరికే. శనివారం పొద్దున మార్కెట్‌కి వెళ్తే ఎర్రటి టొమాటోలు, రేగుపళ్లంత తియ్యటి ద్రాక్ష, అంజూర పళ్లు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఆవిడకి ఇంకా నిశ్చింత, మేం రైస్ కుక్కర్ పట్టుకెళ్లాం.

గుళ్లన్నారు కదా. ఫ్రుష్కా గోరా కొండ మీద ఇప్పటికీ 16 ఆశ్రమాలున్నాయి. టాక్సీ అతనితో సగం రోజుకి మాట్లాడుకుని క్రూషెదోల్, నోవో హోపోవో చూడండి. రెండిటికీ కారు దగ్గరిదాకా వెళ్తుంది. క్రూషెదోల్ పదహారో శతాబ్దం మొదట్లో కట్టింది, లోపల గోడల నిండా బొమ్మలే. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. అమ్మ చీరలో ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు, అక్కడున్న ఒక సన్యాసిని అమ్మ కొంగు పట్టుకుని అంచు చూసి మురిసిపోయింది. అమ్మ ఆవిడకి మన వెంకటగిరి నేత గురించి తెలుగులోనే చెప్పింది, ఆవిడ సెర్బియన్‌లో బదులు చెప్పింది. నేను మధ్యలో తర్జుమా చేద్దామంటే ఇద్దరికీ నా అవసరమే పడలేదు.

కోనసీమ కుర్రాడు:

వీసా విషయం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మీ ఫ్రెండ్ చెప్పింది పాత మాట. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి 2023 జనవరి 1 నుంచి సెర్బియాకి వీసా కావాలి. కాకపోతే చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) గానీ, షెంగెన్ దేశపు రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉంటే 90 రోజుల దాకా విడిగా వీసా అక్కర్లేదు. మీ ఇద్దరి జర్మనీ కార్డులతో సరిపోతుంది.

మీ అత్తయ్యగారిది షెంగెన్ విజిటర్ వీసా అయి ఉంటుంది. అందులో ఎన్నిసార్లు ప్రవేశమో రాసే గడి ఉంటుంది, అక్కడ "మల్ట్" (అంటే ఎన్నిసార్లయినా రావచ్చని) ఉందో లేదో ఇవాళే చూడండి. సెర్బియా షెంగెన్‌లో లేదు. ఆ గడిలో ఒకటి అని మాత్రమే ఉంటే ఆవిడ సెర్బియాకి వెళ్లగలరు గానీ తిరిగి జర్మనీలోకి రాలేరు. టికెట్లు కొనకముందే ఇది తేల్చుకోండి. తిరిగొచ్చే రోజుకి ఇన్సూరెన్స్ కూడా నడుస్తూ ఉండాలి. సెర్బియాలో దిగాక 24 గంటల్లో పోలీసు రిజిస్ట్రేషన్ ఉంటుంది, హోటల్ వాళ్లే చేస్తారు. అపార్ట్‌మెంట్ అయితే ఓనర్‌ని అడిగి చేయించండి, ఆ తెల్ల కాగితం మీ దగ్గర పెట్టుకోండి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ష్ట్రాండ్ గురించి అంత సంబరంగా రాశాను కదా, అక్కడ జరిగిన ఘోరం కూడా మీకు తెలియాలి. 1942 జనవరిలో, హంగేరీ ఆక్రమణ కాలంలో, నోవి సాద్‌లో యూదుల్నీ సెర్బుల్నీ వెయ్యిమందికి పైగా చంపేశారు. చాలామందిని ఆ బీచ్ దగ్గరికే తీసుకొచ్చి కాల్చి, గడ్డకట్టిన నదికి కన్నాలు కొట్టి అందులోకి తోసేశారు. ఊరి వైపు గట్టు మీద కాంస్యంతో చేసిన సన్నటి పొడుగాటి మనుషుల విగ్రహం కనిపిస్తుంది, ఒక కుటుంబం దగ్గరగా నిలబడి ఉన్నట్టు. 1971లో పెట్టారు. ఏటా జనవరిలో అక్కడ పూలు ఉంచుతారు. నా పక్కింటి పెద్దావిడ వేసవిలో రోజూ ష్ట్రాండ్‌లో ఈదేది, జనవరిలో ఆ విగ్రహం దగ్గరికి వెళ్లేది. ఈ రెండూ కలిస్తేనే ఆ ఊరు.

ప్రయాణం సంగతి. బెల్‌గ్రేడ్ నుంచి నోవి సాద్‌కి ఫాస్ట్ ట్రెయిన్ 2022 మార్చిలో మొదలైంది, గంటకి 200 కిలోమీటర్ల వేగం, నలభై నిమిషాల లోపే దింపేస్తుంది. కానీ 2024 నవంబరు 1న నోవి సాద్ స్టేషన్ ముందరి కాంక్రీట్ కప్పు కూలి 16 మంది చనిపోయారు. ఆ తర్వాత బళ్లు ఆగే చోట్లు మారాయి, కొన్నిటిని నది అవతల పెట్రోవరదిన్‌లోనే ఆపారు. కాబట్టి టికెట్ కొనేటప్పుడు మీ బండి ఏ స్టేషన్లో ఆగుతుందో అడిగి, దాన్ని బట్టి టాక్సీ మాట్లాడుకోండి. అత్తయ్యగారితో సామాన్లు మోసుకుంటూ వంతెన దాటాల్సిన పని పడకూడదు. యూరోకి దాదాపు 117 దినార్లు వస్తాయి, బస్సుకీ మార్కెట్‌కీ చిల్లర నోట్లు ఉంచుకోండి. వీసా గడిలో ఏముందో చూసి ఇక్కడే రాయండి, రోజువారీ ప్లాన్ అప్పుడు వేద్దాం.